ఎడమ చేతికి బిస్కెట్టు

కడప జిల్లాకు వెళ్తున్నానంటే మా తెనాలిలో ఒక్కరూ మెచ్చుకోలేదు. అక్కడ ఎండ, కారం, కోపం మూడూ ఎక్కువేనంది మా వదిన. మూడోదాని గురించి నాకు బెంగ లేదు, అది నా ముక్కు మీదే కాపురముంటుంది. ఎండా కారాల సంగతి మాత్రం వదిన చెప్పింది నిజమే. అయినా తిరిగొచ్చినప్పటి నుంచి మళ్లీ ఎప్పుడు పోదామా అనే ఉంది, అదీ నిజమే.

నేను వెళ్లింది గండికోట చూడ్డానికి కాదు. అసలు చూడనేలేదు, ఆ విషయంలో నన్ను తిట్టనివాళ్లు లేరు. నేను ఫిజియోథెరపిస్టుని. కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కుపోతే, మెడ దగ్గర్నుంచి చేతిలోకి దిగే నరాలు ఒక్కోసారి దెబ్బతింటాయి. బిడ్డ పుడుతూనే ఒక చెయ్యి వాల్చేసి పుడుతుంది. కొందరికి ఆ చెయ్యి దానంతటదే తిరిగొస్తుంది, కొందరికి సగమే వస్తుంది. ఎంత వచ్చిందో చెప్పడంలోనే ఉంది తంటా అంతా. ఒక ఆసుపత్రిలో మోచెయ్యి ఎంత వంగుతోందో కొలబద్ద పెట్టి చూస్తారు. ఇంకోచోట చెయ్యి తలపైకి లేస్తే చాలంటారు. మరోచోట "పర్వాలేదు" అని రాసి పంపేస్తారు. పర్వాలేదంటే ఎవరికి పర్వాలేదో ఆ రాసినవాళ్లకే తెలియాలి.

అందుకని ఈ పిల్లలతో పనిచేసే నాలుగైదు ఊళ్లవాళ్లం కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఎక్కడ కొలిచినా అవే పనులు చేయించాలి, అదే తీరులో చేయించాలి. వాటిలో ఒకటి బిస్కెట్టు. బిడ్డ మంచి చేతిని మెల్లగా పట్టుకుని, దెబ్బతిన్న చేతిలో బిస్కెట్టు పెడతాం. నోటి దాకా తెచ్చుకుందా, మోచెయ్యి పనిచేస్తున్నట్టు. తెచ్చుకోలేదా, చెయ్యనట్టు. బతిమాలకూడదు, సాయం పట్టకూడదు. ఆ బిస్కెట్టు కోసం గొంతు చించుకుని వాదించింది నేనే. లోకంలో బిస్కెట్టు వద్దనే పిల్లలుంటారా అన్నాను. సరే, ఆసుపత్రి గదుల్లో కాకుండా ఇళ్లల్లో ఇది ఎలా నడుస్తుందో నువ్వే చూసి రా అని నన్నే తోలారు.

ప్రొద్దుటూరు

తిరుపతిలో నాతో కలిసి చదివిన గంగాదేవిది ప్రొద్దుటూరే. అక్కడే చిన్న క్లినిక్ నడుపుతోంది. బస్టాండులో నన్ను చూడగానే "ఏం మే, ఇంత సన్నబడితివి, మీ తెనాలిలో కూడు పెట్టేది నిలిపేసినారా?" అంది. మా వైపు నలుగురిలో ఇలా అడిగితే తగాదా అవుతుంది. ఇక్కడ అది ప్రేమ. నాకు అర్థం కావడానికి ఒక పూట పట్టింది.

పొద్దున్నే ఒక బండి దగ్గర ఉగ్గాని తినిపించింది. మనం మరమరాలంటాం, వీళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండేసి, తాలింపు వేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. ముప్పై రూపాయలకు మధ్యాహ్నం దాకా ఆకలి మాటెత్తలేదు. బజ్జీ కొరికాక నా కళ్లల్లో నీళ్లు తిరిగితే, బండి ఆయన "కోస్తా మనిషా అక్కా?" అని అడిగి ఇంకాసిన్ని బొరుగులు ఊరికే వేశాడు. కారానికి ఏడ్చినా లాభం ఉందన్నమాట.

ఈ ఊళ్లో వీధికి వీధి బంగారం కొట్లే. ఆ వీధుల వెనక సందులో ఒక ఆచారి గారి ఇల్లు. ఆయన కొడుక్కి ఏడేళ్లు, కుడి చెయ్యి దెబ్బతింది. వాడి చేతిలో బిస్కెట్టు పెట్టానో లేదో, మోచెయ్యి పక్కకు రెక్కలా లేపి గుటుక్కున మింగేసి, ఇంకోటి కావాలన్నాడు. గంగాదేవి వైపు ఎంత గర్వంగా చూశానో చెప్పలేను. నా పరీక్ష నెగ్గింది. వాళ్లమ్మ మాకు సున్నుండలు పెట్టింది. అవి తింటూ, ఈ ఊళ్లో నగలు చూడకుండా పోతే పాపం చుట్టుకుంటుందని గంగాదేవి చెప్పిన మాట నమ్మి, ఒక కొట్లో గంటసేపు కూర్చుని ఏమీ కొనకుండా లేచొచ్చాం. కొట్టాయన మొహం చూస్తే పాపం అప్పుడే చుట్టుకున్నట్టుంది.

జమ్మలమడుగు

మర్నాడు జమ్మలమడుగు. పెన్నలో ఇసుకే కనిపించింది, నీళ్లు అక్కడక్కడా మెరిశాయి. పక్క సీటు పెద్దాయన్ని ఇదేనా పెన్న అని అడిగితే, "వచ్చినప్పుడు చూడమ్మా, అప్పుడు అడగవు" అన్నాడు.

ఆ ఊళ్లో మేము చూడాల్సింది షాహీన్‌ని. ఐదో ఏడు నడుస్తోంది. ఎడమ చెయ్యి దెబ్బతింది. తండ్రి కువైట్‌లో కారు నడుపుతాడు. ఇంట్లో ఉండేది షాహీన్, తల్లి షబానా, నాయనమ్మ ఖైరూన్ బీ. నాయనమ్మని ఆ వీధి వీధంతా దాదీమా అనే పిలుస్తుంది. కాసేపట్లో నేనూ అలాగే పిలిచాను.

మిగతా పిల్లల విషయంలో నా కొలత కొలతే. ఇక్కడ అలా కాదు. వచ్చే నెలలో షాహీన్‌కి పెద్ద ఆపరేషన్ అనుకున్నారు. వీపు మీది కండను తిప్పి తెచ్చి మోచేతికి కలుపుతారు. చెయ్యి నోటికి అందడం లేదన్నదే దానికి కారణం. బిడ్డ పక్కన ఉండాలని తండ్రి సెలవు కూడా పెట్టుకున్నాడు. నేను ఆ ఊరు పోతున్నానని తెలిసి ఆపరేషన్ చెయ్యబోయే సర్జన్ ఫోన్ చేశాడు. "మీరూ ఒకసారి చూడండి. నోటిదాకా పోతోందంటే ఆపేస్తాను, పోవట్లేదంటే ఇక ఆలస్యం చెయ్యను" అన్నాడు.

షాహీన్ ముద్దొచ్చే పిల్ల, కానీ కొత్తవాళ్లు చెయ్యి పట్టుకుంటే కర్రలా బిగుసుకుపోతుంది. అదీ నా బిస్కెట్టు గొప్పతనమే అనుకున్నాను, దెబ్బతిన్న చేతిని పట్టుకునే పనే లేదు కదా. కుడి చేతిని దాదీమా ఒళ్లో మెల్లగా ఉంచి, ఎడమ చేతిలో బిస్కెట్టు పెట్టాను. చెయ్యి లేచింది. గుండె దాకా వచ్చింది, కళ్లు పక్కకు పోయాయి. అక్కడే ఆగింది. కాసేపు వణికి, దిగిపోయింది. కొంచెం ఆగి మళ్లీ ఇచ్చాను. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. బతిమాలకూడదన్న రూలు నేనే పెట్టించాను గనక నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఇంట్లో ఎప్పుడైనా నోటి దాకా పోతుందా అని షబానాని అడిగితే, ఒక్కనాడూ పోలేదంది.

ఆసుపత్రిలో చూసిందీ ఇదే, నేను చూసిందీ ఇదే. ఇద్దరు కొలిచి ఇద్దరికీ ఒకటే వచ్చిందంటే మా పద్ధతికి అంతకన్నా ఏం కావాలి? సంతోషించాలి. నాకు మాత్రం అన్నం సయించలేదు. దాదీమా వడ్డించిన దాల్చా, పలావు ఎంత బాగున్నాయో ఇప్పుడు తలుచుకుంటే నోరూరుతోంది గానీ, ఆ పూట ముద్ద దిగలేదు. నేను సరిగా తినలేదని దాదీమా అలిగింది. గడప దాటుతుంటే షబానా నా వెనకే వచ్చింది.

"కోసేది తప్పదా మేడమ్?"

రెండు రోజుల్లో డాక్టరుతో మాట్లాడతానన్నాను. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు.

ముద్దనూరు దారి

ఆ దిగులులోనే మర్నాడు పొద్దున గంగాదేవితో పులివెందుల బస్సెక్కాను, తనకు వెనకెక్కడో సీటు దొరికింది. కిటికీ అద్దం పైకి నెట్టి, కిటికీ కింది అంచున చెయ్యేసుకుని ఆలోచిస్తున్నాను. ముద్దనూరు దాటాక బస్సు ఒక గుంతలో పడింది. అద్దం దబ్బున జారి నా కుడి చేతి వేళ్ల మీద పడింది. నేను వేసిన కేకకు డ్రైవరు బ్రేకేశాడు. ముందు సీటామె గబగబా తన సంచిలోంచి చల్లటి మజ్జిగ ప్యాకెట్టు తీసి, నా వేళ్ల చుట్టూ తన చేతిరుమాలుతో కట్టింది. కడుతున్నంతసేపూ తిట్టింది. "కండ్లు యాడ పెట్టుకోనుంటివమ్మా, చదువుకున్నదాని మాదిరుండావు" అని మొదలుపెట్టి పులివెందుల దాకా ఆపలేదు. దిగేటప్పుడు ఆ మజ్జిగ తిరిగి ఇవ్వబోతే, "కాగిపోయిందిలే, నువ్వే తాగు" అని నవ్వుతూ పోయింది. ఇంత కోపంగా ఇంత మేలు చేసే మనుషుల్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

పులివెందుల

పులివెందుల చుట్టూ చీనీ తోటలు. మనం బత్తాయి అంటాం. బత్తాయి అన్నానని ఆ రోజంతా నన్ను ఏడిపించారు. మేము వెళ్లిన ఇల్లు అలాంటి ఒక తోటలోనే ఉంది. వాళ్ల మూడేళ్ల మనవడికి కుడి చెయ్యి. వాడు బిస్కెట్టు నోట్లో పెట్టుకుని, తర్వాత నా చేతికట్టు కూడా కొరకబోయాడు. ఆ పనికి మా పరీక్షలో మార్కుల్లేవు.

అది అయ్యాక భోజనం. రాగి సంగటి ముద్ద, దాని నడుమ నెయ్యి గుంట, పక్కన శనక్కాయల ఊరుబిండి, నాటుకోడి పులుసు. ఆకలి నకనకలాడుతోంది. కుడి చేతి వేళ్లు వంకాయల్లా వాచి ఉన్నాయి. స్పూన్ అడుగుదామంటే సంగటిని స్పూనుతో తినడం పెళ్లిలో కూర్చుని పద్దులు రాసుకున్నట్టుంటుంది. ఎవరూ ఏమీ అనుకోరు, ఎడం చేత్తోనే తినమంది గంగాదేవి. సరేనని ఎడమ చేత్తో సంగటి తుంచి, పులుసులో అద్ది, లేపాను.

నా చెయ్యి గుండె దాకా వచ్చి ఆగింది.

నిజంగానే ఆగింది. నొప్పి లేదు, నరాలకేం రోగం లేదు. చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని కళ్లు తిరిగాయి, అంతే, చెయ్యి ఇక పైకి రానంది. నలభై ఆరేళ్లుగా ఆ చేత్తో నేను నోట్లో ఏమీ పెట్టుకోలేదు. చిన్నప్పుడు మా అమ్మ వేసిన దెబ్బలు ఆ చేతికి ఇంకా గుర్తున్నట్టున్నాయి. అంతలో ఆ ఇంటి పెద్దావిడ నాగమ్మ నా మణికట్టు పట్టుకుని కిందికి దించేసింది.

"ఎడం చేత్తో యాడ తింటావు తల్లీ. నోరు తెరువు, నేను పెడ్తా."

పెట్టింది. పిడికెడంత ముద్ద. కొత్త ఇంట్లో, తల నెరుస్తున్న మనిషిని, చంటిపిల్లలా నోరు తెరిచి కూర్చున్నాను. గంగాదేవి పడీ పడీ నవ్వుతూ ఫోటో తీస్తోంది. నాకు మాత్రం నోటి నిండా సంగటితో షాహీన్ గుర్తొచ్చింది. ఆ పిల్ల చెయ్యి ఆగింది కూడా అక్కడే. ఆ పిల్ల కూడా ముందు కళ్లు తిప్పింది. ఎవరి వైపు చూసింది? దాదీమా వైపు!

ముద్ద మింగీ మింగకుండానే గంగాదేవితో అన్నాను, మనం ఇటునుంచి ఇటే జమ్మలమడుగు పోతున్నామని. "ఏంది మే, పిచ్చి పట్టిందా? తెనాలికి టికెట్టు బుక్ చేసుకుంటివి గదా" అంది. పట్టిందన్నాను. నాగమ్మ ఒక గోతాం నిండా చీనీకాయలు బస్సెక్కించింది. డబ్బులు ఇవ్వబోతే, పెట్టిన చేత్తోనే కొట్టబోయింది.

మళ్లీ జమ్మలమడుగు

మేము షాహీన్ వాళ్ల వీధికి చేరేసరికి పొద్దు గుంకింది. దాదీమా మమ్మల్ని కూర్చోమని సైగ చేసి, లోపల చాప పరిచింది. మగ్రిబ్ నమాజు వేళ. షాహీన్ కూడా తలకు చిన్న దుపట్టా చుట్టుకుని నాయనమ్మ పక్కన నిలబడింది. వంగినప్పుడు వంగింది, కూర్చున్నప్పుడు కూర్చుంది. చివర్న దువా. దాదీమా రెండు చేతులూ ఎత్తింది. షాహీన్ కూడా ఎత్తింది. తర్వాత దాదీమా రెండు అరచేతులతో మొహం తుడుచుకుంది.

షాహీన్ కూడా తుడుచుకుంది. రెండు చేతులతో! ఎడమ భుజం చెవి దాకా లేచింది, మోచెయ్యి పక్కకు పోయింది. కానీ ఆ అరచెయ్యి నుదుటి మీంచి ముక్కు మీదికి, పెదాల మీదికి దిగింది. నేను గంగాదేవి చెయ్యి పట్టుకున్నాను, అదీ వాచిన చేత్తో. నొప్పి తెలియలేదు.

షబానాని పిలిచి, ఇది ఎప్పట్నుంచి చేస్తోందని అడిగాను. ఆమె బిత్తరపోయింది. దువా నేర్పింది దాదీమానే, రంజాన్ నుంచీ చేస్తోందట.

"మీరు అడిగింది నోటికాడికి పోతాదా అని గదా మేడమ్. దువా సంగతి ఎవురూ అడగల్యా."

ఎవరూ అడగలేదు, నిజమే. మేము నాలుగైదు ఊళ్ల పెద్దలం గదిలో కూర్చుని లోకంలోని పిల్లలందరికీ పనికొచ్చే కొలత చేశాం. ఎడమ చేత్తో తినకూడదని తెలియని మనిషి ఆ గదిలో ఒక్కరూ లేరు. అయినా ఎడమ చెయ్యి దెబ్బతిన్న పిల్ల చేతిలో తిండి పెట్టి తినమన్నాం. తినకపోతే కండ లేదన్నాం. నా మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. దాని వెనకే నవ్వూ వచ్చింది. ఇప్పుడు మా కొలతలో బిస్కెట్టు లేదు. కుడి చేతి పిల్లలకైనా, ఎడమ చేతి పిల్లలకైనా తడిగుడ్డ ఇచ్చి మొహం తుడుచుకోమంటాం. అందరికీ ఒకటే కొలత కావాలంటే అందరూ చెయ్యగలిగే పనే అడగాలి కదా. ఈ మాటకు మా నాలుగైదు ఊళ్లవాళ్లలో ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పాల్సిన నోరు నాదే.

కానీ ఆ సాయంత్రం సర్జన్ ఎదురుచూస్తున్నది పాత కొలత కోసమే. వీడియో చేసి ఫోన్ చేస్తే సంతోషించాడు, అయినా సందేహించాడు. ఉత్త చెయ్యి మొహం మీదికి పోవడం వేరు, చేతిలో ఏదైనా పట్టుకుని నోటి దాకా తేవడం వేరు. అది ఒక్కసారి చూపిస్తే ఆపరేషన్ రద్దు చేస్తానన్నాడు. తప్పు పట్టలేం, అతని స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

దాదీమా ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. బిడ్డ చేతిలో కండ ఉందనీ, నోటి దాకా తెచ్చుకుంటే కోత తప్పుతుందనీ, మీకు భయపడే ఆపుకుంటోందనీ.  ఆమె షాహీన్ జుట్టు నిమురుతూ కూర్చుంది.

"నేనే తట్టేదాన్నమ్మా," అంది చివరికి. "పాకేటప్పటి నుంచి, ఆ చెయ్యి నోటికాడికి పోతే తట్టేదాన్ని. బిడ్డకు ఒక చెయ్యే బాగలేదు, నడతన్నా బాగుండల్ల అనుకుంటి."

ఆమె చేసినదాంట్లో తప్పేముంది? మా అమ్మా అదే చేసింది. మీ అమ్మా అదే చేసుంటుంది. ఆ మాటే అన్నాను. దాదీమా తల ఊపింది గానీ, చెప్పినమాట నాలుగేళ్ల తర్వాత ఎట్లా వెనక్కి తీసుకునేదని అడిగింది. బిడ్డకు ఒకసారి తినమని, రేపు తినొద్దని చెప్తే, ఇక నా మాట యాడ వింటాది అంది.  పిల్లల్ని పెంచిన మనుషులతో ఇందులో వాదించకూడదు.

షబానా బిస్కెట్టు తెచ్చింది. కువైట్ నుంచి తండ్రి వీడియో కాల్‌లో ఉన్నాడు. ఏమీ అర్థం కాక, ఏమైంది ఏమైంది అని అడుగుతున్నాడు. నేను షాహీన్ కుడి చేతిని ఒళ్లో పెట్టి, ఎడమ చేతిలో బిస్కెట్టు ఉంచాను. ఆ పిల్ల చెయ్యి గుండె దాకా లేచి ఆగింది. కళ్లు దాదీమా వైపు తిరిగాయి.

దాదీమా దుపట్టా సర్దుకుంది. కూర్చున్న చోటే మెల్లగా అటు తిరిగి, గోడకు మొహం పెట్టి కూర్చుంది.

"నేను చూడల్యా. తిను బేటా."

షాహీన్ ఆ వీపు వైపు కాసేపు చూసింది. నా వైపు చూసింది. భుజం పైకి పోయింది, మోచెయ్యి పక్కకు లేచింది, బిస్కెట్టు వంకరగా వెళ్లి ముందు బుగ్గకు తగిలి, తర్వాత నోటికి అందింది. కరుక్కుమంది. షబానా చేతిలో ఫోను కిందికి జారిపోయింది. నేల మీంచి తండ్రి గొంతు ఏమైంది అంటూనే ఉంది. షబానా ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను, గంగాదేవి మాత్రం వీడియో ఆపకుండా తీస్తూ ముక్కు చీదింది. ఆ చప్పుడు వీడియోలో ఇప్పటికీ వినిపిస్తుంది.

"తినిందా?" అంది దాదీమా, గోడ వైపు నుంచే.

తినిందన్నాను.

"అయితే నీళ్లు ఇయ్యండి," అంది. "కుడి చేతికి."